2007 శాంత్రో: వాన మర్నాడు మిస్సింగ్, షెడ్డుకి తీసుకెళ్తే మాయం

గంట్యాడ07:

అందరికీ నమస్తే. కొంచెం పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదివి సాయం చేయండి.

నాన్నగారు 2007లో కొన్న శాంత్రో జింగ్ మాది. పెట్రోల్, 1.1 ఇంజన్, గ్యాస్ కిట్టు ఎప్పుడూ వేయించలేదు. లక్షా ముప్ఫై ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగింది. 2022లో పదిహేనేళ్లు నిండగానే ఆర్సీ రెన్యువల్ చేయించాం, 2027 దాకా కాగితాల బెంగ లేదు. ఆయన పీఎఫ్ లోను తీసుకుని కొన్న బండి, ఇంట్లో ఎవరికీ అమ్మే ఉద్దేశం లేదు. అమ్మని నెలకోసారి కళ్ల డాక్టరుకి చూపించడానికి విశాఖ తీసుకెళ్లేది ఇందులోనే.

ఐదు నెలలుగా ఇంజన్ మిస్సింగ్ కొడుతోంది, అంటే నడుస్తూ మధ్యమధ్యలో ఒక్కో దెబ్బ తప్పుతోంది, కానీ రోజూ కాదు, అదే తలనొప్పి. పొద్దున్నే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఉంచితే, సన్నటి వణుకు తప్ప ఏమీ తెలీదు. రోడ్డెక్కి సెకండ్ నుంచి థర్డ్‌కి మార్చి యాక్సిలరేటర్ తొక్కగానే టక్, టక్, టక్ మని, వెనక నుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగినట్టు గుంజుతుంది. కాలు సడలించి మెల్లగా వెళ్తే ఉండదు. ఐదారు కిలోమీటర్లు పోయాక తనంతట తనే సర్దుకుని ఇక సాయంత్రం దాకా హాయిగా నడుస్తుంది. ఎండ కాసిన రోజుల్లో అసలు రాదు, రాత్రి వాన పడితే మర్నాడు మాత్రం ఖాయం.

మొన్న ఆదివారం అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతుంటే తైడ దగ్గర మబ్బు దిగి సన్నగా జల్లు మొదలైంది. బండిలో నలుగురం. సెకండ్ గేర్లో మలుపు తిప్పుతుండగా ఇంజన్ ఒక్కసారిగా ఊగిపోయింది, వెనక బస్సువాడు హారన్ మీద హారన్, అమ్మ ముందు సీటు పట్టుకుని గట్టిగా కళ్లు మూసుకుంది. చోటు దొరికిన దగ్గర పక్కకి ఆపి అరగంట చూసి వెనక్కి తిరిగేశాం. కిందికి దిగేటప్పుడు చిన్న జర్క్ కూడా లేదు!

ఇప్పటిదాకా ముగ్గురికి చూపించా. మొదటాయన నాలుగు ప్లగ్గులూ మార్చాడు, పది రోజులు శుభ్రంగా నడిచి మళ్లీ మొదలైంది. రెండో ఆయన ఇంజన్‌కి గాలి వదిలే థ్రాటిల్ బాడీ, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు క్లీన్ చేశాడు, ఏమీ తేడా లేదు. మూడో ఆయన రెండు నిమిషాలు రేస్ చేసి చూసి "బోర్డు పోయింది, సెకండ్‌హ్యాండ్‌ది 14 వేలు అవుతుంది" అన్నాడు. బోర్డంటే ఇంజన్‌ని నడిపించే కంప్యూటర్. ఎవరి దగ్గరికి వెళ్లినా అక్కడికి చేరేసరికి ఇంజన్ వేడెక్కి మిస్సింగ్ మాయమైపోతోంది. చెక్ ఇంజన్ లైటు ఒక్కసారి కూడా వెలగలేదు. ఆ 14 వేలు కట్టే ముందు ఒకసారి మీ అందరినీ అడుగుదామని. బండి మధ్య దారిలో ఆగిపోతుందేమో అని అమ్మని తీసుకెళ్లాలంటేనే టెన్షన్‌గా ఉంది.

ఆటోనగర్_మేస్త్రి:

తమ్ముడూ, బోర్డుకి డబ్బులు కట్టకు. బెజవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లుగా పెట్రోల్ బళ్లు చూస్తున్నాను, నువ్వు రాసినదాంట్లోనే సగం జవాబు ఉంది.

వాన మర్నాడు వస్తుంది, వేడెక్కితే పోతుంది. తొక్కితే వస్తుంది, వదిలితే పోతుంది. కొత్త ప్లగ్గులు వేస్తే పది రోజులు బాగుంది. ఇవన్నీ కలిపి చూస్తే నా అనుమానం ముందు ప్లగ్ వైర్ల మీద, అందులోనూ ప్లగ్ మీద కూర్చునే రబ్బరు క్యాపుల మీద. కరెంటు ప్లగ్గు కొస దాకా చేరకుండా మధ్యలో లీకై ఇంజన్ బాడీకి దూకేస్తోంది.

తొక్కినప్పుడే ఎందుకంటే, స్లోలో థ్రాటిల్ దాదాపు మూసి ఉంటుంది, సిలిండర్లోకి వెళ్లే గాలి కొంచెమే, లోపల ఒత్తిడి తక్కువ. అప్పుడు ప్లగ్ గ్యాపులో రవ్వ దూకడానికి తక్కువ వోల్టేజీ చాలు. గేర్లో పెట్టి తొక్కితే గాలి నిండుగా వెళ్తుంది, నొక్కుడు పెరుగుతుంది, అదే గ్యాపు దాటడానికి, రవ్వకి కరెంటు పంపే కాయిల్ చాలా ఎక్కువ వోల్టేజీ ఎక్కించాలి. పొలం కాలవ గట్టుకి ఎలక బొరియ ఉందనుకో, కాలవలో నీళ్లు పల్చగా పారుతున్నంతసేపూ తెలీదు, నిండుగా వదిలిన రోజు ఆ బొరియలోంచే పోతాయి. నీ వైరు క్యాపులో చీలిక అలాంటిది, తడి చేరితే ఆ దారి ఇంకా సులువు. ఇంజన్ వేడికి తడి ఆరిపోగానే లీకు ఆగిపోతుంది, నువ్వు షెడ్డుకి చేరేసరికి మేస్త్రికి కనపడేది బాగున్న బండే. దాన్ని చూసి ఆయన మాత్రం ఏం చెప్తాడు?

బోర్డులు పోవని నేననను, నీళ్లు దిగి పాడైనవి నా చేత్తో విప్పాను. కానీ అది అన్నీ చూశాక ఆఖర్న చూడాల్సింది.

ఇక నీ బండి సంగతి. ఇందులో కరెంటుని ఒక్కో ప్లగ్గుకీ వంతులవారీగా పంచే డిస్ట్రిబ్యూటర్ ఉండదు. ఒక కాయిల్ ప్యాక్, దాన్నుంచి నాలుగు వైర్లు. లోపల రెండు చుట్టలుంటాయి, ఒకటి 1, 4 సిలిండర్లకి, ఇంకోటి 2, 3కి. ఒక చుట్ట తన జతలోని రెండు ప్లగ్గులకీ ఒకేసారి రవ్వ ఇస్తుంది, ఒకదాంట్లో పెట్రోల్ మండుతుంది, రెండోదాంట్లో అప్పటికి పొగ బయటికి పోతుంటుంది కాబట్టి ఆ రవ్వ వృథా. దీనివల్ల మనకొక లాభం ఉంది. 1, 4 కలిసి గానీ 2, 3 కలిసి గానీ దెబ్బతింటే కాయిల్‌నో దానికొచ్చే కనెక్టర్‌నో అనుమానించాలి. ఒక్క సిలిండరే తప్పుతుంటే కాయిల్‌ని పక్కన పెట్టి ఆ సిలిండరు వైరు, ప్లగ్గు, ఇంజెక్టరు, కంప్రెషన్ (సిలిండర్లో గాలి నొక్కుడు) చూసుకోవాలి. ఒక్కోసారి వైరు లోపల పూర్తిగా తెగిపోతే జతలో రెండోది కూడా తడబడుతుంది, అది గుర్తుంచుకో.

ఏ సిలిండరో తెలుసుకోవడానికి, మిస్సింగ్ ఉన్నప్పుడే, అంటే వాన మర్నాడు పొద్దున్న ఇంటి దగ్గరే, ఇంజన్ స్లోలో పెట్టి ఒక్కో ఇంజెక్టర్ కనెక్టరూ ఊడదీసి మళ్లీ పెట్టు. ఊడదీయగానే ఇంజన్ దబ్బున కుంగితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. ఊడదీసినా ఏ తేడా లేకపోతే దొంగ అదే. పాత మేస్త్రీలు నడుస్తున్న ఇంజన్‌కి ప్లగ్ వైర్లు చేత్తో పీకి చూస్తారు, నువ్వు అలా చేయకు. గట్టి షాక్ కొడుతుంది, పైగా కరెంటుకి దారి లేక కాయిల్ లోపలే కాలిపోవచ్చు.

రెండో పరీక్ష రాత్రి పూట చెయ్యాలి. వాకిట్లో లైట్లన్నీ ఆర్పి, హ్యాండ్ బ్రేకు వేసి, న్యూట్రల్లో ఇంజన్ నడుస్తుండగా స్ప్రే సీసాతో మంచినీళ్లు పొగమంచులా, వైర్ల మీదా క్యాపుల మీదా మాత్రమే కొట్టు. ధారగా పోయకు, ఆల్టర్నేటర్ మీదికి కొట్టకు. వైర్లు ముట్టుకోవద్దు, చున్నీ, తువ్వాలు లాంటివి బెల్టు దగ్గర వేలాడకూడదు. పెట్రోల్ వాసన వస్తుంటే ఈ పరీక్షే వద్దు. ఇంట్లో ఎవరికైనా గుండెకి పేస్‌మేకర్ ఉంటే వాళ్లని దూరంగా ఉంచు. లీకుంటే నీ కళ్లకే కనపడుతుంది.

ఇంకొక్క మాట. గట్టిగా మిస్సింగ్ ఉన్నప్పుడు బండిని తోలకు. మండని పెట్రోల్ సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది, వేడికి దాని లోపలి తేనెపట్టు కరిగి మూసుకుపోతుంది. వైర్ల ఖర్చు కంటే అది చాలా పెద్ద ఖర్చు.

హనుమకొండ_డ్రైవ్:

మేస్త్రి గారు చెప్పింది బాగుంది కానీ అన్నా, జర ట్యాంకు కూడా చూసుకోండి. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ నీళ్లని పట్టుకుంటుంది. మా పాత మారుతి జెన్ రెండు నెలలు షెడ్డులో నిలబెట్టి తీస్తే ఇలాగే జర్కులు ఇచ్చింది, ట్యాంకు దింపితే అడుగున నీళ్లు, తుప్పు, ఫిల్టర్ ఎర్రగా ఉంది. మీ బండి 2007ది, అప్పటి రబ్బరు పైపులు ఈ పెట్రోల్‌కి అంతగా ఆగవు. పెట్రోల్ పంపు ప్రెషర్ ఒకసారి గేజ్ పెట్టి చూపించండి. వానాకాలంలోనే వస్తోంది అంటే ట్యాంకులోకి నీళ్లు దిగుతున్నాయేమో కూడా. ఇంకొకటి, బ్లూటూత్ స్కానర్ ఒకటి కొనుక్కోండి, మొబైల్లోనే కోడ్ చూపిస్తుంది, ఏ సిలిండరో కూడా చెప్తుంది.

ఆటోనగర్_మేస్త్రి:

హనుమకొండ సోదరా, నీళ్ల పెట్రోల్ సంగతి నిజమే, నిలిపి ఉంచిన బళ్లలో నేనూ చూశాను. రబ్బరు పైపుల గురించి చెప్పింది కూడా నిజం, పాత బండి ఉన్నవాళ్లందరూ ఏడాదికోసారి బానెట్ కింద పెట్రోల్ పైపులు వంచి చూసుకోవాలి, చీలికలుంటే అగ్గి ప్రమాదం.

కానీ ఇక్కడ తేడా ఉంది. పెట్రోల్ సరిగా అందకపోతే నాలుగు సిలిండర్లకీ ఒకేసారి కరువొస్తుంది. బండి దమ్ము తగ్గిపోయి, ఊపిరాడని మనిషిలా నీరసంగా లాగుతుంది, ఎత్తు ఎక్కేకొద్దీ, ఎంతసేపు తొక్కితే అంత ఎక్కువవుతుంది, వేడెక్కితే పంపు ఇంకా నీరసిస్తుంది. గంట్యాడ తమ్ముడి బండి అందుకు విరుద్ధం, వేడెక్కితే బాగుపడుతోంది. పైగా "టక్, టక్" మని లెక్కగా కొడుతోంది. ఆ లెక్క ఒక్క సిలిండరు తప్పుతున్నప్పుడే వస్తుంది. సైలెన్సర్ గొట్టం వెనక అరచెయ్యి కాస్త దూరంగా పెట్టి చూస్తే కూడా తెలుస్తుంది, బాగున్న ఇంజన్ గాలి ఒకే తీరుగా తగులుతుంది, ఒక సిలిండరు తప్పితే నాలుగో దెబ్బకోసారి ఖాళీ వస్తుంది.

ఇంజన్ తిరుగుడుని కనిపెట్టే క్రాంక్ సెన్సర్‌ని కూడా చాలామంది అనుమానిస్తారు. అది పోయేటప్పుడు మామూలుగా ఇంజన్ వేడెక్కాక టప్పున ఆగిపోతుంది, చల్లారాక స్టార్ట్ అవుతుంది. ఇదీ ఇక్కడి లక్షణం కాదు.

స్కానర్ గురించి ఒక మాట. మన దేశంలో కార్లకి ఓబీడీ, అంటే బండి తన లోపాన్ని తనే పట్టి కోడ్ చూపించే ఏర్పాటు, తప్పనిసరి అయింది 2010 ఏప్రిల్ నుంచి, దాని రెండో దశ 2013 ఏప్రిల్ నుంచి. మిస్‌ఫైర్‌ని సిలిండరు వారీగా లెక్కపెట్టి లైటు వెలిగించడం ఆ తర్వాతి బళ్లలో నమ్మకంగా జరుగుతుంది. 2007 బండికి కనెక్టర్ ఉన్నా చౌక బ్లూటూత్ స్కానర్ దానితో మాట్లాడుతుందన్న నమ్మకం లేదు. లైటు వెలగలేదు కాబట్టి మిస్సింగ్ లేదనుకోవద్దు. ఈ వయసు బండికి కళ్లు, చెవులే స్కానర్.

మల్కాజిగిరి_గ్యాస్‌బండి:

నాదీ శాంత్రోనే, 2006, ఎల్‌పీజీ మీద తిరుగుతుంది. నాకు గ్యాస్ మీద మాత్రమే మిస్సింగ్ వచ్చేది, పెట్రోల్‌కి మారిస్తే పోయేది. అందరూ గ్యాస్ కిట్టు మీదే పడ్డారు, గ్యాస్ ప్రెషర్ తగ్గించే రిడ్యూసర్ కూడా మార్పించారు. చివరికి తేలింది ఏమిటంటే గ్యాస్‌కి రవ్వ దూకాలంటే పెట్రోల్ కంటే ఎక్కువ వోల్టేజీ కావాలంట, వైర్లలో ఉన్న చిన్న లీకు గ్యాస్ మీద ముందుగా బయటపడింది. మూడో నంబరు వైరుని ఎలక కొరికింది, పైకి చూస్తే గీత పడ్డట్టే ఉంది. కాబట్టి అన్నా, వైర్లు తీసి ఒక్కోటి గుండ్రంగా వంచి చూడండి, నిటారుగా ఉన్నప్పుడు పగుళ్లు మూసుకుని ఉంటాయి, కనపడవు.

మల్టీమీటర్ ఉంటే ప్రతి వైరు రెసిస్టెన్స్ కొలిచి రాసుకోండి. పొడుగుని బట్టి కొంచెం కొంచెం తేడా ఉంటుంది, పొడుగు వైరుకి ఎక్కువ, పొట్టిదానికి తక్కువ. ఏదో ఒకటి లెక్క తప్పి మరీ ఎక్కువ చూపిస్తే, లేదా వంచినప్పుడు అంకె ఎగిరెగిరి పడితే అది లోపల తెగింది.

ఆటోనగర్_మేస్త్రి:

మల్కాజిగిరి తమ్ముడు చెప్పింది చెయ్యి, కానీ ఒకటి గుర్తుంచుకో. మీటర్లో అంకె బాగున్నంత మాత్రాన వైరు బాగున్నట్టు కాదు. మీటరు పంపేది తొమ్మిది వోల్టుల బ్యాటరీ కరెంటు, కాయిల్ పంపేది వేల వోల్టులు. పై రబ్బరు చిట్లితే మీటరుకి తెలియదు. అందుకే రాత్రి పరీక్ష చెయ్యమన్నాను.

గంట్యాడ07:

నిన్న రాత్రి పరీక్ష చేశాను, ఇంకా నమ్మలేకపోతున్నాను.

తొమ్మిదిన్నరకి వాకిలి లైటు, వరండా లైటు ఆర్పేసి, ఇస్త్రీ బట్టలకి కొట్టే నీళ్ల సీసా తీసుకున్నా. నాన్నగారు స్టీరింగ్ దగ్గర కూర్చున్నారు. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా ఐదు నిమిషాలు ఊరికే నిలబడ్డాం. మొదట పొడిగా ఉన్నప్పుడు ఏమీ లేదు. మొదటి వైరు మీద కొట్టా, ఏమీ లేదు. రెండో వైరు క్యాపు మెడ మీద రెండు సార్లు కొట్టానో లేదో, చిట్ మని చీమంత నీలం మెరుపు రబ్బరు పక్క నుంచి ఇంజన్ లోహం మీదికి దూకింది. అది దూకినప్పుడల్లా ఇంజన్ ఒక దెబ్బ తప్పుతోంది. చిట్, టక్. చిట్, టక్. నాన్నగారిని కొంచెం రేస్ చెయ్యమన్నా, మెరుపు ఒకటి కాస్తా రెండు చోట్ల మొదలైంది. మూడు, నాలుగు వైర్లు తడిపినా ఏమీ రాలేదు. నాన్నగారు దిగొచ్చి వంగి చూసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఐదు నెలలుగా ఇదా" అన్నారు.

ఈ రోజు పొద్దున వాన. స్టార్ట్ చేసి ఇంజెక్టర్ కనెక్టర్లు ఒక్కోటి తీసి చూశా. 1, 3, 4 తీస్తే ఇంజన్ ఆగిపోయేలా కుంగింది. 2 తీస్తే ఆ వణుకు అలాగే ఉంది, రవ్వంత కూడా మారలేదు.

మధ్యాహ్నం ఇంజన్ చల్లారాక రెండో వైరు ఊడదీసి వంచి చూస్తే క్యాపు మెడ చుట్టూ వెంట్రుకంత చీలిక. వదిలితే మూసుకుపోతోంది, ఎక్కడుందో కూడా తెలీట్లేదు. వైర్ సెట్టు మార్చేస్తాను, ఏమైనా జాగ్రత్తలుంటే చెప్పండి.

ఆటోనగర్_మేస్త్రి:

శభాష్. దొరికింది.

నాలుగు వైర్లూ సెట్టుగా కొను, ఒక్కటే మార్చకు, మిగతా మూడిటి వయసు కూడా అంతే. పేరున్న కంపెనీది తీసుకో. ఒక్కో వైరు పొడుగు ఒక్కోలా ఉంటుంది, అందుకని పాతదాని పక్కన కొత్తది పెట్టి కొలిచి, ఒకటి తీసి ఒకటి పెట్టు. నాలుగూ ఒకేసారి పీకేస్తే ఏది ఎక్కడిదో తికమక అవుతుంది. తీసేటప్పుడు వైరు పట్టి లాగకు, క్యాపు పట్టుకుని కొంచెం అటూ ఇటూ తిప్పి లాగు. పెట్టేటప్పుడు క్లిక్కుమని కూర్చున్నట్టు చేతికి తెలియాలి. వైర్లు పాత క్లిప్పుల్లోనే పెట్టు, ఇంజన్ లోహానికి రాసుకోకుండా చూడు. క్యాపు లోపలి అంచుకి సిలికాన్ గ్రీజు బియ్యపు గింజంత రాస్తే తడి దిగదు, తర్వాత తీసేటప్పుడు రబ్బరు అతుక్కోదు.

గంట్యాడ07:

మేస్త్రి గారూ, వైర్లు మార్చి మూడు రోజులైంది. చాలా తేడా ఉంది, బండి లాగుతోంది. కానీ ఈ పొద్దున వానలో కలెక్టరాఫీసు దగ్గర రెండు సార్లు సన్నగా టక్ మంది. ఒట్టు, భ్రమ కాదు. ప్లగ్గులు నాలుగు నెలల క్రితం వేసినవే కదా, షాపతను కూడా అవసరం లేదన్నాడు, అందుకని వాటినే ఉంచాను. ఇప్పుడు కాయిల్ కూడా మార్చాలా?

ఆటోనగర్_మేస్త్రి:

కాయిల్ జోలికి వెళ్లకు. ఇంజన్ చల్లారాక రెండో ప్లగ్గు తీసి, తెల్ల పింగాణీ భాగాన్ని వెలుతురులో తిప్పి చూడు. పై కొస నుంచి కింది లోహం దాకా పెన్సిల్‌తో గీసినట్టు నిలువుగా నల్లటి గీత ఉందేమో చెప్పు. లోహం అంచు దగ్గర చుట్టూ లేత గోధుమ రంగు మరక ఉంటే దానికి భయపడకు, అది వాడిన ప్లగ్గులకి మామూలే, లీకు కాదు. నేనడిగేది నిలువు గీత.

గంట్యాడ07:

ఉంది! సరిగ్గా మీరు చెప్పినట్టే. రెండో ప్లగ్గుకి మాత్రమే, పొడుగునా సన్నటి నల్ల గీత. గుడ్డతో తుడిచినా, పెట్రోల్ పెట్టి రుద్దినా పోలేదు. పాత వైరు క్యాపు నిలువునా చీల్చి చూస్తే లోపల కూడా అదే వరసలో తెల్లటి పొడిలాంటి చార.

ఆటోనగర్_మేస్త్రి:

అదే తమ్ముడూ. కరెంటు పింగాణీ మీదుగా జారినప్పుడల్లా అక్కడ కార్బన్ గీత పడుతుంది, ఆ గీతే తర్వాతి కరెంటుకి రోడ్డు అవుతుంది. మొదటాయన కొత్త ప్లగ్గులు వేశాడు, చిట్లిన పాత క్యాపు అలాగే ఉంచాడు, పది రోజుల్లో కొత్త ప్లగ్గు మీద కొత్త గీత పడింది. నువ్వు కొత్త క్యాపు వేశావు, గీత పడ్డ ప్లగ్గు అలాగే ఉంచావు. ఇంకో నెల ఇలాగే తిరిగితే ఆ గీత కొత్త క్యాపుని కూడా పాడు చేసేది. ప్లగ్గూ క్యాపూ ఒకేసారి మారాలి, ఏ ఒక్కటి పాతది ఉన్నా రోగం రెండోదానికి అంటుకుంటుంది. పని చేసినాయన తప్పు పని చేయలేదు, సగం పని చేశాడు.

గీత పడ్డది ఒక్కటే అయినా నాలుగూ మార్చేయ్. కంపెనీ పుస్తకంలో చెప్పిన నంబరువే తీసుకో. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో నంబరు చివర 11 అని ఉంటే గ్యాపు 1.1 మిల్లీమీటర్లని అర్థం, అయినా సందు కొలిచే ఫీలర్ గేజ్ పెట్టి చూసుకునే వెయ్యి, రవాణాలో దెబ్బ తగిలి మూసుకుపోయి ఉంటాయి. ప్లగ్గులు బిగించే ఇంజన్ హెడ్డు అల్యూమినియంది, కాబట్టి ఇంజన్ పూర్తిగా చల్లారాకే. ముందు వేళ్లతోనే ఆఖరి వరకు తిప్పాలి, మరలు సులువుగా ఎక్కకపోతే బలవంతం చేయకుండా వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టు. చేత్తో బిగిశాక స్పానర్‌తో ఇంకో అర మలుపు, కొత్త ప్లగ్గు వాషర్ నలగడానికి అంతే చాలు. ప్లగ్ బిగుతు కోసం స్పానర్ మీద బరువంతా వేసి మరలు పోగొట్టిన హెడ్డులు నెలకి ఒకటైనా మా షెడ్డుకి వస్తాయి.

ఇంకో పని మిగిలింది. ఆ నీళ్లు ఒక్క రెండో క్యాపు మీదికే ఎక్కడి నుంచి వస్తున్నాయో చూడు. వాన తడి నాలుగిటికీ సమానంగా పట్టాలి కదా.

హనుమకొండ_డ్రైవ్:

మేస్త్రి గారూ, ఒక డౌటు. ఇన్ని చేసినా పోకపోతే అప్పుడు ఏం చూడాలి? నాలాంటివాళ్లకి పనికొస్తుందని అడుగుతున్నా.

ఆటోనగర్_మేస్త్రి:

రవ్వ బాగుందని తేలాక ఇంజెక్టర్. అనుమానం ఉన్న సిలిండరు ఇంజెక్టర్‌ని పక్క సిలిండర్లో పెట్టి చూడాలి, మిస్సింగ్ కూడా దానితో పాటు వెళ్లిందంటే ఇంజెక్టరే. అదీ కాకపోతే కంప్రెషన్. ప్లగ్గులన్నీ తీసి, పెట్రోల్ రాకుండా చేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టి సెల్ఫ్ కొట్టి గేజ్ చూడాలి. నాలుగూ దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి బాగా తగ్గితే ఆ సిలిండర్లో చెంచాడు ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడు. అంకె పెరిగితే పిస్టన్ రింగులు, పెరక్కపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెట్టో. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే మిస్సింగ్, తెల్లటి పొగ, కూలెంట్ తగ్గుతూ ఉంటే గ్యాస్కెట్ లీకై రాత్రంతా నీళ్లు సిలిండర్లోకి దిగుతున్నాయేమో ముందు చూడాలి, అది అశ్రద్ధ చేస్తే ఇంజనే పోతుంది. స్లోలో మాత్రమే వణుకు ఉండి, రేస్ చేస్తే పోతుంటే వాక్యూమ్ పైపులు, ఇన్‌టేక్ గ్యాస్కెట్ చూడాలి.

ఏది చూసినా సరే, మిస్సింగ్ ఉన్న టైములోనే చూడాలి. బాగున్నప్పుడు ఎన్ని విప్పినా ఏమీ దొరకదు. నా దగ్గరికి ఇలాంటి బండి వస్తే తాళం తీసుకుని రాత్రి ఇక్కడే ఉంచెయ్యమంటాను, పొద్దున్నే చల్లటి ఇంజన్‌ని నేనే స్టార్ట్ చేసుకుంటాను.

గంట్యాడ07:

అందరికీ చివరి రిపోర్టు. ఆలస్యమైంది, మంచి వాన కోసం ఆగాను.

నీళ్లు ఎక్కడి నుంచో కూడా దొరికింది. బానెట్ వెనక అంచున, వైపర్ల కింద ఉండే రబ్బరు బీడింగ్ ఒక జానెడు మేర ఊడి కిందికి జారిపోయింది. నాన్నగారు చెంబుతో అద్దం మీద నీళ్లు పోస్తుంటే నేను బానెట్ కింద టార్చి వేసి చూశా, ధార కట్టి సరిగ్గా రెండో ప్లగ్గు వైపే కారుతోంది. ఏప్రిల్‌లో ఎండకి ఊడి ఉంటుంది, మిస్సింగ్ మొదలైంది జూన్ వానలకి. బీడింగ్ కొత్తది వేయించా. వైర్లు, ప్లగ్గులు, బీడింగ్ అన్నీ కలిపి 3 వేల లోపే అయింది.

నిన్న ఆదివారం మళ్లీ అరకు వెళ్లాం, అదే నలుగురం. తైడ దగ్గర జల్లు, అనంతగిరి దాటేదాకా మబ్బు. సెకండ్, థర్డ్ గేర్లలో ఎక్కడా చిన్న దెబ్బ కూడా తప్పలేదు. పోయినసారి ఆపిన మలుపు దగ్గర నాన్నగారు అద్దం దించి ఇంజన్ చప్పుడే వింటూ కూర్చున్నారు. అమ్మ బొర్రా దగ్గర టీ తాగి వచ్చే నెల డాక్టరు దగ్గరికి ఇందులోనే వెళ్దాం అంది.

మేస్త్రి గారూ, మీ కాళ్లకి దండం పెట్టాలి. బెజవాడ వచ్చినప్పుడు తప్పకుండా కలుస్తాను. పాత వైర్లు ఏం చెయ్యమంటారు?

ఆటోనగర్_మేస్త్రి:

చాలా సంతోషం తమ్ముడూ. అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు.

రెండోది పారెయ్. మిగతా మూడిట్లో పొడుగైనది చూసుకుని, వంచి పగుళ్లు లేవనుకుంటే డిక్కీలో స్టెపినీ పక్కన ఒక కవర్లో చుట్టి పెట్టుకో. దారిలో అవసరమైతే నాలుగిట్లో దేనికైనా అందుతుంది.